స్పీడ్‌వే బండిని ఈ20కి సాక్ష్యంగా తేవద్దు

పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఓనరు ఎవరైనా ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపింది) గురించి గోడు వెళ్ళబోసుకుంటే చాలు, ఒకరు తయారు: "1930ల్లోనే రేసు బండ్లు అచ్చంగా ఆల్కహాల్ మీద నడిచాయి. 20 శాతానికే నీ బండికి ఏమైపోతుంది?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నడిచిన మాట నిజమే. ఎలా నడిచాయో కూడా చెప్పాలి కదా!

ఇంగ్లండ్‌లో మట్టి ట్రాకు మీద జరిగే బైకు రేసులైన స్పీడ్‌వే ట్రాకులను చాలా ఏళ్ళు ఏలింది 500 సీసీ జాప్ ఇంజన్. లండన్‌ టాటెన్‌హామ్‌లో తయారైన ఎయిర్ కూల్డ్ సింగిల్ సిలిండర్. దాంట్లో పోసేది మిథనాల్ అనే ఆల్కహాల్. కిలో పెట్రోల్ మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కి 6.4 కిలోలే. అంటే అదే గాలికి రెండింతలకు పైగా ఇంధనం పంపాలి. అది ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. ఇంజన్ గర్జిస్తూ ఉండగానే, గాలినీ ఇంధనాన్నీ కలిపే కార్బ్యురేటర్ ఒంటి మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు నిలుస్తాయి. ఆ చల్లదనం వల్లే 14:1 కంప్రెషన్‌ని (లోపలికొచ్చిన మిశ్రమాన్ని పద్నాలుగో వంతుకి నొక్కడాన్ని) కూడా ఆ ఇంజన్ తట్టుకుంటుంది. మామూలు పెట్రోల్‌తో అదే కంప్రెషన్ పెడితే నాకింగ్‌కి (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా మండిపోవడానికి) పిస్టన్ పోతుంది.

మిథనాల్‌కి మార్చేటప్పుడు మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని వదిలే సన్న రంధ్రం) పెద్దది వేస్తే ట్యూనింగ్ అయిపోయిందనుకునే వాళ్ళే పాత ఇంజన్లను చంపుతున్నారు. జెట్ ఎంత పెద్దదైనా దాని దాకా ఇంధనం రావాలి. ట్యాంకు ట్యాప్, పైపు, ఫ్లోట్ చాంబర్‌లోకి (కార్బ్యురేటర్‌లో ఇంధనం నిలిచే గిన్నె) దించే నీడిల్ వాల్వు, అన్నింటి దారీ వెడల్పు చేయాలి. సరిపోయిందో లేదో తెలియాలంటే జెట్ విప్పి, దాని చోటు నుంచి కారేదాన్ని ఒక నిమిషం పాటు కొలజాడీలో పట్టి చూడాలి. ఇంజన్ తాగేదానికంటే జాడీలోకి బాగా ఎక్కువ రావాలి. ఇది చేయకపోతే ఫుల్ త్రాటిల్‌లో, ట్రాకు తిన్నగా ఉన్న చోట చాంబర్ ఖాళీ అవుతుంది, మిక్స్చర్ లీన్ అవుతుంది (గాలికి తగ్గ ఇంధనం ఉండదు), పిస్టన్‌కి చిల్లు పడుతుంది. మిథనాల్ కాస్త రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా) ఉంటే ఓర్చుకుంటుంది, లీన్ అయితే క్షమించదు. స్పార్క్ ప్లగ్ రంగు చూసి మిక్స్చర్ ఎలా ఉందో చెబుదామంటే పెట్రోల్‌లో కనిపించినంత స్పష్టంగా కనిపించదు.

ఆయిల్ మన పాలమూరు, నల్గొండ చేలల్లో పండే ఆముదమే. మిథనాల్‌లో కలుస్తుంది, వేడికి పొర తెగదు. పాత బండ్ల రేసుకి వెళ్తే ముక్కుకి ముందు తగిలేది ఆ వాసనే, నాకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది.

ఈ వాదన చేసేవాళ్ళు వదిలేసే సంగతి ఒకటుంది. స్పీడ్‌వే రేసంటే నాలుగు ల్యాపులు, సుమారు ఒక నిమిషం. ఆ రోజు పని అయ్యాక ట్యాంకులో మిగిలింది దించేస్తారు, కార్బ్యురేటర్‌ని పెట్రోల్‌తో కడుగుతారు, ఆయిల్ మారుస్తారు. ఎందుకంటే మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వదిలేస్తే ఫ్లోట్ చాంబర్ అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. అది చాంబర్ లోహమే, తినేయబడి రాలుతోంది. పైగా కల్తీ సారా చావుల వార్తల్లో మనం వినే విషం ఇదే మిథనాల్. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, మంట అంటుకుంటే పగటి వెలుగులో దాదాపు కనిపించదు. గ్లవ్స్ లేకుండా దీన్ని ముట్టుకునే కుర్రాళ్ళని చూస్తే నాకు భయం.

ఇప్పుడు ఆర్‌ఎక్స్ 100 సంగతికి రండి. ఈ20లో ఉన్నది ఇథనాల్, మిథనాల్ కాదు, అది వేరే ఆల్కహాల్. ఈ బండి జెట్టు, రబ్బరు పైపులు, సీళ్ళు అన్నీ ఆనాటి పెట్రోల్‌కి తయారైనవి. ఇథనాల్‌తో మిక్స్చర్ కొంత లీన్ అవుతుంది, సరిదిద్దడానికి ఆ కార్బ్యురేటర్‌లో సెన్సర్ లేదు. ఆ బండి వారాల తరబడి నిండు ట్యాంకుతో మూల నిలబడుతుంది, రోజూ దించి కడిగే మెకానిక్ ఎవరూ ఉండరు. ఓనరు అడుగుతున్నది ఈ20ని ఆపమని కాదు. ఏ పైపు, ఏ సీలు మార్చాలి, జెట్ ఎంత పెంచాలి, ఆ స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి అని. ఈ లిస్టు ఒక్కో పాత మోడల్‌కి విడివిడిగా, తెలుగులో, ప్రతి సర్వీస్ సెంటర్ గోడ మీద కంపెనీలు అంటించాలి.