హెచ్‌ఐవీ మందులన్నీ ఒంటిని కరిగిస్తాయా? ఒక ప్రచారానికి ఖండన

వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఒక సందేశం హెచ్‌ఐవీ ఉన్నవారికి నాలుగు మాటలు చెబుతోంది: ఒళ్ళు చిక్కిపోయేది వైరస్ వల్ల కాదు, మందుల వల్లనే, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే చికిత్స) మాత్రలన్నీ బుగ్గలు పీక్కుపోయేలా చేసి పొట్టను పెంచుతాయి, కొత్త మాత్రతో బరువు పెరగడమే అందుకు రుజువు, మందులు ఆపేస్తే శరీరం మళ్ళీ మామూలవుతుంది. ఇందులో కొంత నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు, నమ్మి మాత్రలు పక్కన పెడుతున్నారు. అందుకే ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించాలి.

మొదటి మాటను కాలక్రమమే కొట్టివేస్తుంది. ఉగాండాలోని రాకాయ్ ప్రాంతంలో మనుషులు ఎముకల గూడులుగా మారి చనిపోతున్నారని వైద్యులు ప్రపంచానికి తెలియజేసింది 1985లో. హెచ్‌ఐవీకి మొట్టమొదటి మందైన జిడోవుడిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1987లో. మందే లేని రోజుల్లో కరిగిన కండకూ కొవ్వుకూ మందు కారణం కాలేదు. పైగా, కొవ్వు కణాల మధ్య ఉండే సీడీ4 కణాల్లో (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఈ వైరస్ తిష్ఠ వేస్తుంది. ఏళ్ళ తరబడి చికిత్స తీసుకుని, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి కొవ్వు కణజాలంలో కూడా దాని డీఎన్‌ఏ దొరికింది.

రెండవ మాటలో ఉన్న నిజం ఒక మందుకు, ఒక కాలానికి సంబంధించినది. మన దేశంలో 2004 ఏప్రిల్‌లో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు చాలామందికి అందిన కలయికలో స్టావుడిన్ ఉండేది. చవకైనది, ప్రాణాలు నిలిపినది. కానీ వైరస్ ఎంజైమును అడ్డుకునే ఆ మందు, మన కణాలకు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు తమ డీఎన్‌ఏకు నకలు తీసుకునేందుకు వాడే ఎంజైమును కూడా అడ్డుకునేది. దాంతో కొవ్వు కణాలు శక్తి చాలక కుంచించుకుపోయి చచ్చిపోయేవి. ముఖం, చేతులు, కాళ్ళు, పిరుదుల మీది చర్మం కింది కొవ్వు మెల్లమెల్లగా మాయమై, పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలేవి. జాకెట్టు చేతులు వదులై, నడుము దగ్గర మాత్రం బిగుతయ్యేది. చూసినవాళ్ళు జబ్బు ముదిరిందనుకునేవారు. ఇంట్లో చెప్పుకోని రోగాన్ని ముఖమే వీధిలో చెప్పేసిన ఆ బాధను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. జిడోవుడిన్‌తోనూ ఇదే జరిగేది, కాస్త తక్కువగా. స్టావుడిన్‌ను క్రమంగా ఉపసంహరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది, ఆ తర్వాత మన దేశంలోనూ దాన్ని మానేశారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన నేటి మాత్రకు ఈ తరహా నష్టంతో సంబంధం కనిపించలేదు.

పొట్ట లోపల, మెడ వెనుక కొవ్వు పెరగడం వేరే సంగతి. మొదట ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు అనే మరో తరగతి హెచ్‌ఐవీ మందులనే తప్పుపట్టారు. అవి వాడనివారిలోనూ కనిపించడంతో ఏ ఒక్క మందునూ కారణంగా చూపలేమని తేలింది.

మూడవ మాటలో బరువు పెరుగుతుందన్నది నిజం, దాన్ని దాచనక్కరలేదు. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ అనే అధ్యయనంలో 96 వారాలకు సగటున ఎఫావిరెంజ్ అనే పాత మందు ఉన్న కలయికతో సుమారు 2 కిలోలు, డోలుటెగ్రావిర్‌తో పాత రకం టెనోఫోవిర్ (మన మాత్రలో ఉన్నదే) కలిపితే 4, కొత్త రకం టెనోఫోవిర్ అలఫెనమైడ్ కలిపితే 7 కిలోలు పెరిగారు. మహిళల్లో ఇంకా ఎక్కువ. కానీ పెరిగిన కొవ్వు చేతులు, కాళ్ళు, నడుము అన్నిచోట్లా చేరింది. స్టావుడిన్ చేసింది కొవ్వు కణాలను చంపడం. ఇది దానికి విరుద్ధం కాబట్టి, ఒకదానికి మరొకటి రుజువు కాదు. ఇందులో కొంత బరువు, జబ్బు వల్ల పోగొట్టుకున్నది తిరిగి రావడం కూడా. నడుము చుట్టుకొలత, రక్తపోటు, చక్కెర మాత్రం గమనిస్తూ ఉండాల్సిందే.

నాలుగవ మాట ప్రాణాంతకం. 5,472 మందితో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో, సీడీ4 సంఖ్యను చూసుకుంటూ మందులు ఆపి మళ్ళీ మొదలుపెట్టినవారికి అవకాశవాద జబ్బులు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు దాడి చేసేవి) లేదా మరణం సంభవించే ముప్పు, ఆపకుండా వాడినవారికంటే రెండున్నర రెట్లకు మించి కనిపించింది. పోయిన కొవ్వును రాబట్టాలంటే మందు మానడం కాదు, మందు మార్చడం దారి. స్టావుడిన్ లేదా జిడోవుడిన్ నుంచి అబకావిర్ అనే మరో హెచ్‌ఐవీ మందుకు మార్చి చూసిన ఒక అధ్యయనంలో 24 వారాలకు చేతులు, కాళ్ళలో పెరిగిన కొవ్వు సగటున 400 గ్రాములకు లోపే, అదీ స్కాన్‌లో తప్ప కంటికి ఆననంత. ఇది నెలల్లో కాదు, ఏళ్ళలో జరిగే మార్పు, అందరికీ పూర్తిగా జరిగేదీ కాదు. ఏదో కారణం చేత ఇప్పటికీ జిడోవుడిన్ కలయికలోనే ఉండి, బుగ్గలు లేదా చేతులు సన్నబడుతున్నాయని గమనించినవారు ఒక్క మాత్ర కూడా ఆపకుండా, వచ్చే నెల మందులకు వెళ్ళేదాకా ఆగకుండా, తమ ఏఆర్‌టీ కేంద్రంలోని వైద్యుడికి ఆ మాట చెప్పి, మార్చే వీలుందేమో అడగాలి.