మహారాజశ్రీ ఎంగేజ్‌మెంట్ సర్వే గారి సముఖమునకు

ఉభయకుశలోపరి. ఉద్యోగులకు పని మీద, కంపెనీ మీద మనసెంతుందో కొలవడానికి వచ్చే తమరికి నమస్కారం. తమరు క్షేమమని రోజూ తెలుస్తూనే ఉంది, 'గడువు ఇంకా 4 రోజులే' అని మెయిల్ వస్తోంది కదా. పేరు అడగనంటారు. రిమైండర్ మాత్రం నింపనివాళ్లకే పంపుతారు. ఆ దివ్యదృష్టికి జోహార్లు.

5 మందికన్నా తక్కువున్న గుంపు మార్కులు చూపించరట. మంచి నియమమే. 8 మంది టీమ్ సగటు 5కి 3.5, అందులో ఆరుగురు మగవాళ్ల సగటు 4 అని చూపిస్తారు. మొత్తం 28లోంచి 24 తీసేస్తే మిగిలింది 4. అంటే ఆ ఇద్దరమ్మాయిల సగటు 2. గోప్యత గడప దాటడానికి మూడో తరగతి తీసివేత చాలు. ఇక కామెంట్ల పెట్టెలో 'ఆన్‌సైట్ అని రెండేళ్లుగా ఊరిస్తున్నారు' అని ఉంటే ఎవరు రాశారో కనిపెట్టడానికి లెక్కలు కూడా అక్కర్లేదు.

'మా కంపెనీలో చేరమని స్నేహితులకు చెబుతారా?' అని 0 నుంచి 10 దాకా వేయమంటారు. 9, 10 వేస్తే అభిమానులు. 7, 8 వేస్తే ఎటూ కాని తటస్థులు. 6, అంతకన్నా తక్కువ వేస్తే వ్యతిరేకులు. అభిమానుల శాతంలోంచి వ్యతిరేకుల శాతం తీసేస్తే తమ స్కోరు. 60 శాతం వస్తే ఫస్ట్ క్లాసని పెరిగిన జనం మేం, స్వామీ! మెచ్చుకుని 6 వేసినవాణ్ణి శత్రువుల పద్దులో రాస్తే ఎలా?

టీమ్‌కీ టీమ్‌కీ ఎంగేజ్‌మెంట్‌లో కనిపించే తేడాలో కనీసం 70 శాతం మేనేజర్ వల్లేనని సర్వేలు చేసే గాలప్ సంస్థ చెబుతుంది. మనవాళ్లేమో బాగా కోడ్ రాసేవాణ్ణి టీమ్ లీడ్ చేసి, రెండ్రోజులు రిసార్ట్‌లో లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇప్పిస్తారు. శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే రాశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, ఫలితం వచ్చిందా. మన ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి మెట్టు మీదే ఆగుతుంది, అదీ బిర్యానీ తిన్న అరగంటకి నింపిస్తారు. మూడో మెట్టు చూడాలంటే మూడు నెలలాగి, ఆ లీడ్ కింద పనిచేసేవాళ్లని అడగాలి. రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో అరగంట కూర్చుంటున్నాడా? ఆ అరగంటలో అప్పగించిన పనుల (టికెట్ల) స్టేటస్ కాకుండా ఇంకేమైనా అడుగుతున్నాడా? క్లయింట్ కాల్ రాగానే ముందు రద్దయ్యేది ఇదేనా?

తమరి ఫలితాలొచ్చాక జరిగే తంతు ఇంకా ముచ్చటగా ఉంటుంది. 'నా మాటకు విలువ లేదు' అని జనం మొత్తుకుంటే, శుక్రవారం అంత్యాక్షరీ, పిజ్జా. నిజానికి వాళ్లడిగింది శుక్రవారం రాత్రి కొత్త కోడ్ రిలీజులు మానమని. మంగళవారం మధ్యాహ్నానికి మారిస్తే పైసా ఖర్చు లేదు. ఫలితాలొచ్చిన రెండు వారాల్లోపు మేనేజర్ టీమ్‌తో కూర్చుని ఇలాంటిది ఒక్కటి ఎంచుకుని, ఎవరు చేస్తారు, ఏ తేదీకి అని బోర్డు మీద రాస్తే చాలు. పది అంశాల స్లైడు తయారైందంటే ఒక్కటీ కాదని అర్థం.

పైగా ఈ మధ్య తమరి స్కోరును మేనేజర్ బోనస్‌కి ముడేశారు. అప్పట్నుంచి తమరు రావడానికి ముందు వారంలో అడిగిన సెలవల్లా దొరుకుతోంది. చాయ్ దగ్గర చెవిలో మాట కూడా పడుతోంది: "ఈసారి అన్నీ 4, 5 వేసేయండి బాబూ, తగ్గితే యాక్షన్ ప్లాన్ మళ్లీ మనమే రాయాలి."

ఇట్లు,
తమ విధేయులు