గానుగకే ఎదురు నూనె

మహారాజశ్రీ ట్రెడ్‌మిల్లు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం లేఖా మర్యాద అని తెలిసినా, ఆ మాట రాయడానికి నా కలం ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. తమరి బెల్టు రెండు అంచులకూ సమదూరంలో నిలిచి ఉంది, తమరి రోలర్లు కిచకిచలాడడం మానేశాయి, తమరి మోటారు మూత కింద చిటికెడు దుమ్ము కూడా లేదు. నా సంగతి చెప్పుకోవాలంటే, తమరు మా ఇంట కాలుపెట్టిన నాడు బిగుతుగా ఉన్న ప్యాంటు 14 నెలల తరువాత కూడా అంతే బిగుతుగా ఉంది. మనలో ఎవరి ఆరోగ్యం కోసం ఎవరు ఇంట్లోకి వచ్చారో ఒకసారి తేల్చుకోవడం మంచిదనిపించి ఈ విన్నపం రాసుకుంటున్నాను.

తమరు వేంచేసిన అట్టపెట్టె మీద ఇద్దరు మనుషులు కలిసి పెట్టెను ఎత్తుతున్న బొమ్మ ఒకటి ఉంది. బొమ్మలోని ఇద్దరి ముఖాలూ గుండ్రటి సున్నాలు కావడం వల్ల వాళ్లు ఆ సమయంలో ఏమనుకుంటున్నారో తెలియదు. నేనూ మా బావమరిదీ ఏమనుకున్నామో మాత్రం నాకు బాగా గుర్తుంది గానీ, లేఖలో రాయదగినది కాదు. డెబ్భై కిలోల తమరి దేహాన్ని గుమ్మం దాటించి, మెట్ల మలుపు తిప్పి, గదిలోకి చేర్చాక, వెనుక 2 మీటర్లూ పక్కల అర మీటరు చొప్పున ఖాళీ వదలాలని మాన్యువల్‌లో చదివి, మంచాన్ని అవతలి గోడకు జరిపాం. జారిపడే మనిషి పడడానికి చోటు ఉండాలట. అది న్యాయమే కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు బోల్టులతో మొదలవుతుంది. బోల్టులన్నిటినీ ముందు చేత్తో తిప్పగలిగినంతవరకే తిప్పి వదలాలనీ, రెండు నిలువు కమ్మీలూ పైనున్న అడ్డ కమ్మీతో సరిగ్గా కలిశాక మాత్రమే అలెన్ కీతో గట్టిగా బిగించాలనీ చెప్పే వాక్యాన్ని తమరి మాన్యువల్ ఏడో పేజీలో పెట్టింది. నేను మొదటి బోల్టును మూడో పేజీలోనే ప్రాణం పెట్టి బిగించాను. ఫలితంగా ఆఖరి బోల్టుకు రావలసిన రంధ్రం సగం చంద్రుడిలా కనబడింది. బిగించినవన్నీ వదులు చేసి, కమ్మీలను అటూ ఇటూ కదిపి, పున్నమి వచ్చేదాకా మళ్లీ మొదటినుంచి చేశాం.

ఆ తరువాత వైరు ఘట్టం. మోటారును అదుపు చేసే కింది బోర్డు నుంచి బయలుదేరిన సన్న వైరు కుడివైపు నిలువు కమ్మీ కడుపులోంచి పైకి వచ్చి, అక్కడ కన్సోలు, అంటే అంకెలు చూపే తమరి ముఖపలక, వైరుతో కలవాలి. అందుకోసం కమ్మీ లోపల ముందే ఒక తీగ దూర్చి ఉంచారు. దాని కొసకు వైరు కట్టి బావమరిది పైనుంచి లాగుతుంటే, దారం ఎక్కిస్తున్న దర్జీలా నేను కిందనుంచి అందించాను. చిన్న తెల్లటి కనెక్టరు పైన తల బయటపెట్టింది. ఆ సంతోషంలో కమ్మీని దాని గాడిలోకి దించేసరికి, కింద మిగిలిన వైరు మడత అంచులో ఇరుక్కుంది, ఆ గుంజుడుకు లోపలి కనెక్టరు సగం ఊడింది. మాకు అదేమీ తెలియదు. బోల్టులు బిగించాం, మూతలు పెట్టాం, చేతులు తుడుచుకున్నాం, స్విచ్చి వేశాం. తమరు ‘ఈ 01’ అన్నారు.

తమరు నాతో పలికిన తొలి మాట అదే. మాన్యువల్ చివరి పేజీలోని పట్టిక ప్రకారం, కన్సోలుకూ కింది బోర్డుకూ మధ్య మాటలు లేవని దాని అర్థం. మంచం జరిపిన తీరు వల్ల ఆ సాయంత్రం మా ఇంట్లో మాటలు లేనిది ఆ ఇద్దరి మధ్య మాత్రమే కాదు. మూతలు విప్పి, కమ్మీ ఎత్తి, కనెక్టరును టక్కున చప్పుడు వచ్చేదాకా లోపలికి నొక్కి, వైరు మడతను కమ్మీ లోపలికి సర్ది, అన్నీ తిరిగి బిగించేసరికి రాత్రి పదకొండయింది. నలభై నిమిషాల్లో అమర్చవచ్చని పెట్టె మీద రాసిన మహానుభావుడు తమరిని ఎన్నిసార్లు అమర్చడం గురించి ఆ మాట అన్నాడో చెప్పలేదు.

మధ్యలో చిన్న విషయం. తమరి నుదుటి మీద అంటించిన స్టిక్కరు 4 హార్స్‌పవర్ అని చాటుతుంది. తమరి పొట్ట కింద, ప్లగ్గు వైరు బయటికి వచ్చే చోట, చీమ తలంత అక్షరాలున్న రేకు మీద మాత్రం 1,500 వాట్లు అని ఉంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కనుక, తమరు గోడ నుంచి తాగే కరెంటు రెండు గుర్రాలకే సరిపోతుంది. తక్కిన రెండూ ‘పీక్’ అనే పచ్చికలో మేస్తున్నాయని తరువాత తెలిసింది. మోటారు కొద్ది క్షణాలపాటు ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తిని పెద్ద అక్షరాలతో రాసి, ఆగకుండా నిలకడగా ఇవ్వగలిగిన శక్తిని చిన్న అక్షరాలకు వదిలేయడం తమరి వంశాచారమట. ఆ విషయంలో నేను తమరిని ఎత్తిపొడవలేను, ఎందుకంటే తమరిని కొన్న నాటి నా ఉత్సాహం కూడా పీక్ హార్స్‌పవరే.

వంశం మాట వచ్చింది కాబట్టి తమరి పూర్వులను గురించి కూడా కొంత విచారించాను. ఇంగ్లండులో 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు, ఖైదీలు ఊరికే కూర్చోరాదన్న సదుద్దేశంతో, మెట్లు కట్టిన పెద్ద చక్రాన్ని రూపొందించాడు. ఖైదీలు వరుసగా నిలబడి ఎక్కుతూనే ఉండాలి, మెట్టు కాలి కింద దిగిపోతూనే ఉంటుంది. కొన్ని జైళ్లలో ఆ చక్రం ధాన్యాన్ని విసిరింది, నీళ్లు తోడింది, తమరి పేరు చివర మిల్లు అన్న మాటకు మూలం అదే. మరికొన్ని జైళ్లలో దానికి ఏ పనీ తగిలించకుండా ఉత్త గాలిని విసరడానికే తిప్పించారు. చివరికి 1898 నాటి జైళ్ల చట్టంతో అక్కడ ఆ శిక్షను ఎత్తేశారు. తరువాత 1952లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బ్రూస్ అనే వైద్యుడూ వేన్ క్వింటన్ అనే ఇంజనీరూ కలిసి గుండె జబ్బులను పసిగట్టడానికి మోటారుతో నడిచే ట్రెడ్‌మిల్లును తయారుచేయడంతో తమరి వంశానికి మర్యాద పెరిగింది. ఇప్పటికీ ఆసుపత్రుల్లో 3 నిమిషాలకొకసారి వేగాన్నీ ఏటవాలునూ పెంచే ఆ పరీక్షకు బ్రూస్ పేరే ఉంది. అయితే నన్ను ఆకట్టుకున్నది ఆ గౌరవనీయమైన శాఖ కాదు, ఖైదీల శాఖే. ఆ అభాగ్యులు రోజుకు ఎన్ని మెట్లు ఎక్కినా, చక్రం బాగోగులు చూసే పూచీ వారిది కాదు. చక్రానికి నూనె కూడా ఖైదీ చేతే, ఖైదీ ఖర్చుతోనే పోయించాలన్న ఆలోచన క్యూబిట్ అంతటి వాడికి కూడా తట్టలేదు.

తిరిగిన చోటే తిరిగే మనిషిని మనవాళ్లు గానుగెద్దుతో పోలుస్తారు. నా విషయంలో ఆ పోలిక ఎద్దుకు అవమానం. గానుగెద్దు తిరిగితే నూనె వస్తుంది. తమరి దగ్గర నేను తిరగాలంటే ముందుగా నేనే ఎదురు నూనె పోసుకోవాలి.

ఆ నూనెకు కూడా నియమనిష్ఠలు తక్కువేమీ లేవు. అచ్చమైన సిలికాన్ ఆయిల్ తప్ప మరొకటి తమరి ఒంటికి పడదు. తుప్పు వదిలించే స్ప్రే కొడితే బెల్టు అడుగుభాగం చెడుతుంది, వంటనూనె పోస్తే జిగురు కట్టి దుమ్మును పట్టేస్తుంది. మూడు నెలలకో 200 కిలోమీటర్లకో, ఏది ముందు వస్తే అప్పుడు పోయాలని మాన్యువల్ ఆజ్ఞాపించింది. ఈ పందెంలో మా ఇంటి క్యాలెండరు ఇంతవరకూ ఓడిపోలేదు. ప్లగ్గు పీకి, బెల్టు అంచును ఎడమచేత్తో పైకెత్తి, సీసా ముక్కును లోపలికి వీలైనంత దూరం దూర్చి, పాదాలు పడే మేర డెక్కు (బెల్టు కింది పలక) మీద నూనెను వంకరటింకర గీతలా వదిలి, తరువాత ఎవరూ ఎక్కకుండా కొన్ని నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. నూనె తక్కువైతే రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కంట్రోలు బోర్డు వేడెక్కి అలుగుతుంది. ఎక్కువైతే బెల్టు జారుతుంది. చాలిందో లేదో తేల్చుకోవడానికి బెల్టు కిందికి చెయ్యి పోనిచ్చి, వేళ్లకు జిడ్డు తగిలిందో లేదో చూడాలి. నాడి పట్టుకున్న వైద్యుడిలా కళ్లు మూసుకుని నేను ఆ పని చేస్తుండగా ఒకసారి మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగి చూసింది. ఆవిడ రోజూ తెల్లవారుజామున బయట ముప్పావుగంట నడిచి వస్తుంది. ఆవిడ బూట్లకు నూనె అక్కరలేదు.

నూనె సంగతి నయం. తమరి అసలు మనస్తత్వం బెల్టులో ఉంది. వెనుక రోలరుకు రెండు చివర్లా రెండు బోల్టులుంటాయి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో తమరిని ఖాళీగా నడిపిస్తూ, బెల్టు కుడికి ఒరిగితే కుడి బోల్టును గడియారపు ముల్లు తిరిగే దిక్కుకు పావు చుట్టు తిప్పాలి, ఎడమకు ఒరిగితే ఎడమ బోల్టును తిప్పాలి. పావు చుట్టే, అంతకు మించకూడదు, ఎందుకంటే బెల్టు చెప్పిన వెంటనే వినే రకం కాదు. కాసేపు ఆలోచించుకుని గానీ కదలదు. ఆ సంగతి తెలియని రోజుల్లో నేను కుడి బోల్టు పావు చుట్టు తిప్పి చూశాను, చలనం లేదు. ఇంకో పావు తిప్పాను, ఆ పైన ఇంకో పావు. అప్పుడు తమరు మూడు పావులకూ కలిపి ఒకేసారి జవాబిచ్చారు. బెల్టు కళ్లముందే ఎడమవైపు పట్టీ కిందికి దూరిపోయి, అంచున నల్లటి పీచు లేచి, రబ్బరు కాలిన వాసన వచ్చింది. కంగారుపడి ఎడమ బోల్టు తిప్పితే ఈసారి కుడికి పరుగెత్తింది. కాలికి వేస్తే మెడకు, మెడకు వేస్తే కాలికి. ఇలా రెండు వైపులా బిగిస్తూ పోయిన పుణ్యానికి బెల్టు మద్దెల చర్మంలా తయారైంది. నడుమ పట్టుకుని ఎత్తితే 5 నుంచి 7 సెంటీమీటర్లు లేవవలసినది వేలు కూడా దూరనివ్వలేదు. అంత బిగువు మోటారుకూ రోలరు బేరింగులకూ చేటు కనుక, రెండు బోల్టులనూ సమంగా వదులు చేసి మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టాను.

మూడు వారాల తరువాత రసమట్టం తెచ్చి తమరి వీపు మీద పెడితే బుడగ ఒక పక్కకు పోయి కూర్చుంది. తమరి వెనుక కాలు ఒకటి నేలకు సరిగా ఆనడం లేదు. దాని కింది మరను రెండు చుట్లు దించాక, బెల్టు బుద్ధిగా మధ్యకు వచ్చి ఆగింది.

ఇక్కడ ఒక రహస్యం ఒప్పుకోక తప్పదు. ఆ రాత్రి ఎవరూ ఎక్కని బెల్టు ఏ అంచునూ తాకకుండా, గీత గీసినట్టు నడుస్తుంటే, నేను నేల మీద బాసింపట్టు వేసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నడిచినప్పుడు ఎన్నడూ కలగని తృప్తి అది. నడకకు ఫలితం ఏ ఆరు నెలలకో కనబడుతుందంటారు, పావు చుట్టుకు ఫలితం మూడు నిమిషాల్లో కనబడుతుంది. “బావా, దీన్ని ఎక్కుతారా, లేకపోతే ఇలాగే చూస్తారా?” అని మా బావమరిది అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబివ్వలేదు.

జవాబు తమరి కన్సోలు దగ్గర ఉంది. అందులోని మొత్తం దూరం 83 కిలోమీటర్లు. బెల్టు సర్దడానికి తమరిని ఖాళీగా నడిపించిన అరగంటలు 12, అరగంటకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున 30 కిలోమీటర్లు తమరి సొంత కష్టార్జితం. తక్కిన 53లో 41 మొదటి నెలవి. ఆరంభశూరత్వానికి లెక్క ఇంత కచ్చితంగా మరెవరూ రాసిపెట్టరు. ఇక మిగిలిన 13 నెలలకు 12 కిలోమీటర్లు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్న సామెతను ఇతరులు మాటవరసకు వాడతారు, నేను మోటారు పెట్టించి మరీ వాడాను. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, ఖాళీగా నడిచిన ప్రతి అరగంటకూ తమరు 118 క్యాలరీలు కరిగాయని వెలుగుతున్న అంకెలతో చూపించారు. నేను నేల మీద కూర్చుని ఉన్నాను, బెల్టు మీద ఎవరూ లేరు. వేగాన్నీ కాలాన్నీ కలిపి అంచనా కట్టడమే తప్ప, మీద మనిషి ఉన్నాడో లేడో చూసే అలవాటు తమరికి లేదు. ఆ క్యాలరీలు ఎవరివో తెలియజేస్తే వారికి అభినందనలు పంపుకుంటాను. నావే అయితే, దయచేసి ఆ సంగతి ప్యాంటుకు కూడా చెప్పండి.

ఇట్లు,
తమరి నిత్యసేవకుడు

తా.క.: వెనుక రోలరు దగ్గర పిల్లల వేళ్లు నలిగే ప్రమాదం ఉందనీ, వాడనప్పుడు సేఫ్టీ కీ తీసి దాచాలనీ మాన్యువల్ హెచ్చరించింది కాబట్టి, ఎర్రతాడు కట్టిన ఆ అయస్కాంతపు బిళ్లను మూడు వారాల క్రితం ఎక్కడో చాలా భద్రంగా దాచాను. అది లేనిదే తమరు కదలరు. ఎక్కడ దాచానో గుర్తుకు రావడం లేదు. తొందరేముందిలే అనుకున్నాను గానీ, ఇప్పుడే క్యాలెండరు చూశాను, వచ్చే గురువారం నూనె పోయవలసిన రోజు. ఈ లేఖ మడిచిపెట్టి వెతకడం మొదలుపెడతాను.