ఆ ఒక్క మాటా డాక్టరుకి చెప్పండి
పోయిన డిసెంబరులో విశాఖ వెళ్లినప్పుడు, చిన్నప్పటి స్నేహితుడితో కలిసి పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తున్నాను. కాళీమాత గుడి దాటాక వాడు ఆగి, జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన పొట్లాల కట్ట తీశాడు. లోపల గోధుమరంగు పొడి. అంగస్తంభన సరిగ్గా లేదని, గోడమీద పోస్టరు చూసి, నెలకోసారి లాడ్జిలో దిగే ‘వైద్యుడి’కి 18 వేలు పోసి కొన్నాడట. “నరాల బలహీనత అన్నాడ్రా. ఇంట్లో కూడా తెలీదు” అంటూ సముద్రం వైపే చూశాడు.

షుగర్ చూశాడా అని అడిగాను. నాడి పట్టుకున్నాడు తప్ప బీపీ కూడా చూడలేదట. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే లెక్క) 9.4 వచ్చింది. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటేనే డయాబెటిస్ అంటారు. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఇలాంటి సమస్యలు చూసే యూరాలజీ విభాగం ఉంది, వాడింటికి దగ్గరే. సిగ్గుపడి లాడ్జి మెట్లెక్కాడు. నాకు బాధ కలిగించింది అదే.

అంగస్తంభన ముఖ్యంగా రక్తం పారే పని. కోరిక కలిగినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలై రక్తనాళాలు వదులవుతాయి, రక్తం నిండుతుంది. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్లు ఆ నాళాల గోడల్నే పాడుచేస్తాయి. అక్కడి ధమనుల వెడల్పు 1–2 మిల్లీమీటర్లు, గుండె ధమనులది 3–4. సన్న కాలవే ముందు పూడుతుంది కదా! అందుకే చాలామందిలో గుండెనొప్పికి రెండు నుంచి ఐదేళ్ల ముందే ఈ సమస్య కనబడుతుంది. దీన్ని మగతనానికి మచ్చగా చూడడం మానేసి, గుండె పంపిన కబురుగా చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అన్నిసార్లూ కారణం రక్తనాళాలే కాదు. ఉద్యోగం టెన్షన్, దిగులు, భార్యాభర్తల మధ్య మాటల్లేకపోవడం కూడా చేస్తాయి. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటే చాలావరకు మనసు వైపు చూడాలి. కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందుల వల్లా వస్తుంది. అలాగని మాత్రలు మనంతట మనం ఆపేయకూడదు, డాక్టరు మార్చి ఇస్తారు. మగ హార్మోను టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు రక్తపరీక్షలో అది తక్కువని తేలినవాళ్లకే.

వయాగ్రా పేరుతో తెలిసిన సిల్డెనాఫిల్‌ మాత్రను మొదట గుండెనొప్పి కోసం పరీక్షించారు. 1998లో ఈ సమస్యకు అమెరికాలో అనుమతి వచ్చింది. కోరిక లేకుండా అది పనిచెయ్యదు. అదే రకం మాత్ర టాడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. మాత్రలు పనిచెయ్యకపోతే వాక్యూమ్ పరికరం, ఇంజెక్షన్, చివరికి ఇంప్లాంట్ కూడా ఉన్నాయి.

ఇక్కడ విదేశంలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. విశాఖ మందుల షాపులో కొన్న ఈ మాత్రలు సూట్‌కేసులో తెచ్చుకుని, ఏటా ఆరోగ్య పరీక్షకి (ఫిజికల్) వెళ్లినప్పుడు మాత్రం “అంతా బాగానే ఉంది” అనేస్తున్నాం. గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందుతో ఇవి కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ‘మూలికలు’ అని అమ్మే పొడుల్లోనూ చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినవి ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. గుండె జబ్బున్న నాన్నగారో మావయ్యగారో అలాంటి పొడి వాడుతుంటే మనకెలా తెలుస్తుంది? ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. మొదట ఇబ్బందిగానే ఉంటుంది.

మా వాడు సిగరెట్లు మానేశాడు, షుగర్ మందులు వాడుతున్నాడు. రెండోసారి ఆసుపత్రికి వాడి భార్య, మా చెల్లెమ్మ కూడా వెళ్లింది. ఆ పొట్లాల కట్ట తీసి డాక్టరు బల్లమీద పెట్టింది తనే.