కెమెరా మార్పుపై ఏకసభ్య కమిషన్

మా ఇంట్లో ఫ్రిజ్ పాడైతే ఒక్క సాయంత్రంలో కొత్తది వచ్చింది. మిక్సీ కాలిపోతే, కూరగాయలకని వెళ్లిన మా ఆవిడ వంకాయలతో పాటు కొత్త మిక్సీ కూడా తెచ్చింది. వీసమెత్తు పాడవని కెమెరాను మార్చాలా వద్దా అన్నదాని మీద మాత్రం ఎనిమిది నెలలుగా విచారణ నడుస్తోంది. ఇందుకోసం ఏకసభ్య కమిషన్ వేశాను. చైర్మన్ నేనే, కార్యదర్శి నేనే, ఫిర్యాదుదారూ నేనే. కమిషన్ గడువును ఇప్పటికి మూడుసార్లు పొడిగించాను. కోరిందీ నేనే, ఇచ్చిందీ నేనే.

ముందుగా కేసు పూర్వాపరాలు. నా దగ్గరున్నది నికాన్ జెడ్6. 2018లో వచ్చిన మోడల్. 2019 జనవరి ఒకటి నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ పది శాతం ఆదా చేయాలన్న పట్టుదలతో మిగతా మొత్తం ఖర్చు పెట్టి ఆ ఏడాది చివర్లో కొన్నాను. 2020లో జెడ్6 టూ వచ్చింది. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను. 2024 జూన్‌లో జెడ్6 త్రీ వచ్చింది. లెన్స్ లేకుండా ఒట్టి బాడీకే అప్పట్లో దాదాపు రెండున్నర లక్షలు. పళ్లు ఎంతకాలమని బిగబట్టగలం?

ఈ మూడింటిలోనూ మెగాపిక్సెళ్లు 24.5. ఆరేళ్లలో ఒక్క పాయింటు పెరగలేదు. డీఏ ఆర్నెల్లు ఆలస్యమైతే ధర్నాకు కూర్చునే మనం దీని మీద ఎందుకు నోరెత్తలేదో అర్థం కాదు. మా ఆఫీసులో ఒక సోనీ మనిషి ఉన్నాడు. ‘మా ఏ7 త్రీలో 24 ఉండేవి, ఏ7 ఫోర్‌లో 33 చేశారు’ అని క్యాంటీన్‌లో నలుగురి ముందూ అంటాడు. వినడానికి కొంపలు మునిగినట్టే ఉంటుంది. కానీ ఆ పిక్సెళ్లను నిలువుకీ అడ్డానికీ పంచాలి కదా. అడ్డంగా లెక్కపెడితే ఆరు వేలు ఉన్నది 7,008 అయింది, అంటే పెరిగింది ఆరో వంతు. అతను ఆ ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు. అక్కడ అది 1,080కి నలిగి, బొటనవేలి కింద అర సెకను బతికి పోతుంది. ఈ లెక్క అతనికి చెప్పలేదు. చెబితే నాకే తిరుగుతుంది.

ఇక కొత్త కెమెరా గుణగణాలు. వీటిని కమిషన్ చాలా లోతుగా, ముఖ్యంగా రాత్రి పదకొండు తర్వాత, యూట్యూబ్ సాక్షుల సమక్షంలో పరిశీలించింది.

మొదటిది చీకట్లో ఫోకస్. మైనస్ పది ఈవీ దాకా పట్టుకుంటుందట. ఈవీ అంటే వెలుతురును కొలిచే మెట్టు. నిండు పున్నమి వెన్నెల మైనస్ మూడు దగ్గర ఉంటుంది. ఒక్కో మెట్టు దిగితే వెలుతురు సగమవుతుంది కాబట్టి ఇది వెన్నెల కన్నా వంద రెట్లు మించిన చీకటి. అంత చీకట్లో నేను ఫోటో తీయాల్సిన మనిషి దొంగవాడు ఒక్కడే. అతను కదలకుండా నిలబడితే ఫోకస్ దొరుకుతుంది. అయితే చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: ఈ లెక్క వెలుతురును బాగా లోపలికి రానిచ్చే ఎఫ్ 1.2 లెన్స్ పెట్టి కట్టింది. ఆ లెన్స్ ధర కూడా లక్ష దాటుతుంది. అది పట్టుకుని చీకట్లో నిలబడితే దొంగ నన్ను వెతుక్కుంటూ వస్తాడు.

రెండోది, కెమెరా తనంతట తానే గుర్తుపట్టే జాబితా. మనుషులు, కుక్కలు, పిల్లులు, పక్షులు, విమానాలు, రైళ్లు, కార్లు, మోటారు సైకిళ్లు, సైకిళ్లు. తొమ్మిది రకాలు. జాబితాను రెండుసార్లు చదివాను. గేదె లేదు. మేక లేదు. మా ఊరి చెరువు గట్టు మీద సాయంత్రం అయిదున్నరకు మంద ఇంటిముఖం పడుతుంది. ఎండ ఏటవాలుగా దుమ్ములో పడి, ముందు నడిచే గేదె కొమ్ము అంచు రాగిలా మెరుస్తుంది. ఆ దారిన విమానం వెళ్తే ఈ కెమెరా దాన్ని పట్టేస్తుంది. గేదెను మాత్రం నేనే చూసుకోవాలి. పాడి లేని వాళ్లు రాసిన జాబితా ఇది.

మూడోదే నా మతి పోగొట్టింది. మనం మీట నొక్కడానికి ఒక సెకను ముందు జరిగినదాన్ని కూడా జెడ్6 త్రీ ఫోటో తీసి ఉంచుతుంది. వేలితో సగం నొక్కి పట్టుకుంటే లోపల బొమ్మలు పోగేసుకుంటూ, మనం పూర్తిగా నొక్కాక పోయిన సెకనును చేతిలో పెడుతుంది. కొమ్మ మీది పిట్ట ఎగిరిపోయాక నొక్కినా, ఎగిరే క్షణం దొరుకుతుందన్నమాట. కాలాన్ని వెనక్కి తిప్పగలిగే యంత్రం రెండున్నర లక్షలకే వస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. తర్వాత కమిషన్ నా పాత కేసులన్నీ తిరగేసింది. మా అమ్మాయి మొదటిసారి సైకిల్ తొక్కినప్పుడు నేను ఎంత తేడాతో ఫోటో పోగొట్టుకున్నాను? కెమెరా బీరువాలో, దుప్పట్ల వెనక, బ్యాగులో, లెన్స్ విడిగా, బ్యాటరీ ఇంకెక్కడో. నేను వీధిలోకి వచ్చేసరికి పిల్ల మోకాలు చీరుకుని, అయోడిన్ రాయించుకుని, పాలు కూడా తాగేసింది. ఇరవై నిమిషాల తేడా. సెకను చొప్పున వెనక్కి వెళ్లే కెమెరా ఆ లోటును పూడ్చలేదని కమిషన్ ఏకగ్రీవంగా తేల్చింది. ఆ వీడియో మా ఆవిడ ఫోన్‌లో ఉంది. అందులో వెనక నుంచి ‘ఆగు, ఆగు, కెమెరా తెస్తున్నా’ అని నా గొంతు వినిపిస్తుంది.

ఫోటోలు దాచే మెమరీ కార్డు స్లాటు సంగతి కూడా చెప్పాలి. నా జెడ్6కి ఒకటే స్లాటు. రెండో మోడల్‌కి రెండు పెట్టారు. ఇది నేను కొన్న మూడేళ్లకు ఒక వీడియోలో తెలిసింది. ముహూర్తం వేళ ఉన్న ఒక్క కార్డూ పోతే జీలకర్ర బెల్లం ఫోటోలన్నీ గోవిందా అని ఆ వీడియో చేసినాయన బెదిరించాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఇంతవరకూ ఎవరి పెళ్లీ తీయలేదన్న సంగతి తెల్లవారుజామున గుర్తొచ్చింది.

సాక్ష్యంగా నేలపట్టు పక్షుల కేంద్రం పర్యటన రికార్డులు కూడా తెప్పించాను. రెండేళ్ల కిందట గూడబాతులను చూద్దామని తెల్లవారకముందే అక్కడికి వెళ్లాను. చెట్ల మీద తెల్లగా, సంచి ముక్కులతో వందల్లో ఉన్నాయి. నా దగ్గరున్నది దూరానికి అందని 24-70 లెన్స్. ఫోటో తీసి తెరమీద పెద్దది చేసి చూస్తే, కొమ్మల మీద ఎవరో అటుకులు చల్లినట్టు ఉంది. పక్కనే ఒక పెద్దాయన ఎప్పటిదో డీఎస్ఎల్ఆర్‌కి చెయ్యంత లెన్స్ తగిలించి కళ్ల రెప్పలు కూడా తీస్తున్నాడు. ‘బాబూ, లోపం బాడీలో లేదు, ముందున్న గొట్టంలో ఉంది’ అన్నాడాయన. ఆ సాక్ష్యాన్ని కమిషన్ కొట్టేసింది. సాక్షి వాడేది వేరే కంపెనీ.

మా బాబాయికి యాషికా ఉండేది. రీలుకు 36 ఫోటోలు. ఒక సంక్రాంతి, ఒక పెళ్లి, ఒక తిరుపతి ప్రయాణం, అన్నీ అదే రీల్లో. నొక్కే ముందు ఆయన అందరినీ సర్ది, కొంగులు సరిచేయించి, ఊపిరి బిగబట్టించి, అప్పుడు నొక్కేవాడు. కడిగించి తెచ్చాక ముప్ఫై నాలుగు బాగుండేవి. మిగతా రెండింట్లో ఆయన వేలు ఉండేది. ఇప్పుడు సెకనుకు 60 ఫోటోలు తీసే కెమెరా కావాలని నేను అడుగుతున్నాను. బాబాయి ఏడాదంతా జాగ్రత్తగా వాడిన రీలు అందులో అర సెకను పైన కాస్త.

చివరికి ఈ విషయాన్ని మా ఆవిడ ముందు ప్రవేశపెట్టాను. సూటిగా కాదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, పన్నెండేళ్లకోసారి వచ్చేది, సరైన పరికరం ఉండాలి కదా అన్నాను.

‘మునిగేది మీరే కదండీ’ అంది ఉల్లిపాయ తరుగుతూ. ‘మరి తీసేదెవరు?’

దీనికి జవాబు కోసం కమిషన్ రెండు వారాలు వాయిదా తీసుకుంది.

ఆ వాయిదాలోనే పాతదానికి ఎంతొస్తుందో కనుక్కుందామని కోఠిలో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. కుర్రాడు బాడీని అటూ ఇటూ తిప్పి, గీతల కోసం గోరుతో తడిమి, బ్యాటరీ లేదంటే తనదే ఒకటి వేసి ఆన్ చేశాడు.

‘క్లాక్ అని మెరుస్తుంది సార్. బ్యాటరీ పెట్టక మస్తు రోజులైనట్టుంది.’

జాగ్రత్తగా వాడతానన్నాను.

అతను కార్డు పెట్టి ఒక ఫోటో తీసి, దాన్ని కంప్యూటర్లో వేసి షట్టర్ లెక్క, అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కానో, చూశాడు. పదకొండు వేల నాలుగు వందలు. ఈ మోడల్ షట్టర్‌ను రెండు లక్షల సార్లకు పరీక్షించారని నాకు తెలుసు. ఆరేళ్లలో ఇంత వాడాను. అక్కడే మనసులో లెక్కేశాను: ఏడాదికి 1,900. మిగిలింది వాడటానికి ఇంకా 99 ఏళ్లు పడుతుంది. సర్కారు భూమి లీజుకిచ్చినట్టే ఉంది.

‘పెళ్లిళ్లు తీసేటోళ్లవి మూడు లక్షలు దాటి వస్తయ్, ఎవ్వరు ముట్టరు. మీది కొత్త పెళ్లికూతురు లెక్కుంది. మంచి రేటొస్తది’ అన్నాడు.

ఛాతీ కాస్త ఉబ్బింది. ఆరేళ్లుగా దాన్ని బయటికి తీయకపోవడం బద్ధకమని మా ఇంట్లో అనుకుంటున్నారు. అది పెట్టుబడి. ఇదే దీక్షతో జెడ్6 త్రీని కూడా కాపాడితే దానికీ మంచి రేటే వస్తుంది. మార్పుకు అనుకూలంగా ఇంతకన్నా బలమైన ఆధారం ఎనిమిది నెలల్లో కమిషన్‌కు దొరకలేదు.

కుర్రాడు కాలిక్యులేటర్ మీద అంకె కొట్టి నా వైపు తిప్పాడు. ఆ అంకెను చీటీ మీద రాసుకుని, సీల్డ్ కవర్‌లో పెట్టి, బీరువాలో కెమెరా బ్యాగు కింద ఉంచాను. అక్కడైతే ఎవరి చేతికీ దొరకదు.