తోక మీద పుట్టినరోజు

పాత విమానాలను బాగుచేసి ఎగరేస్తున్న మహానుభావులందరికీ ఒక విన్నపం. తోక మీద మీ ఆవిడ పుట్టినరోజు రాయకండి.

ఎనిమిదేళ్ళు షెడ్డులో కూర్చుని 1946 నాటి చిన్న విమానం పైపర్ కబ్‌ను ఎముకల దాకా విప్పి మళ్ళీ కట్టిన మనిషి మీకూ తెలిసే ఉంటాడు. పసుపు ఒక్క ఛాయ తేడా వచ్చిందని రెక్కంతా గీకించి మళ్ళీ రంగేయిస్తాడు. ఆ కాలంలో ఇలాంటి వాషర్ లేదంటూ ప్రాణస్నేహితుడితో ఏడాదిపాటు మాట్లాడడు. చరిత్రంటే అంత ప్రాణం!

తీరా తోక మీద రాసే రిజిస్ట్రేషన్ నంబరు దగ్గరికొచ్చేసరికి ఆ చరిత్ర కాస్తా గుమ్మం బయటే ఆగిపోతుంది. అమెరికాలో కోరుకున్న నంబరు ఖాళీగా ఉంటే ఏడాదికి 10 డాలర్లు కట్టి అట్టేపెట్టుకోవచ్చు. అంత చవగ్గా దొరికే అమరత్వాన్ని ఎవడు వదులుకుంటాడు?

ఇక భోజనాల బల్ల దగ్గర యజ్ఞం మొదలు. అమెరికా విమానాల నంబర్లన్నీ ఎన్ అనే అక్షరంతోనే మొదలు. ఆ ఎన్ తర్వాత అంకెలూ అక్షరాలూ కలిపి అయిదుకి మించకూడదు. అక్షరాలు చివర్లోనే, అదీ మహా అయితే రెండు. ఒకటీ సున్నాలతో పొరబడతారని ఐ, ఓ అసలు పనికిరావు. మొదటి అంకె సున్నా కాకూడదు. ఆవిడ పేరేమో ఐతో మొదలు, పుట్టిందేమో సున్నా మూడో నెల. "పోనీ, పెళ్ళిరోజు పెడదామా?" అంటాడాయన. "ఏ తేదీయో చెప్పండి చూద్దాం" అంటుందావిడ. పెళ్ళిరోజు ప్రస్తావన అంతటితో సమాప్తం. కుక్క పేరు పరిశీలనకొస్తుంది. అందులో ఓ ఉంది. చివరికి కాగితం ముక్కలు కత్తిరించి తోకకి అంటించి, పదడుగులు వెనక్కి నడిచి, కళ్ళు చిట్లించి, కంట్రోల్ టవర్ గొంతుతో పలికి చూసుకుంటాడు. బాగుందా అని అడుగుతాడు, కుక్కనే.

ఆ విమానానికి నంబరు లేక కాదయ్యా ఈ తిప్పలు! ఫ్యాక్టరీ దాటిన రోజునే ఎన్‌సీతో మొదలయ్యే నంబరొకటి దానికుంది. 1948 చివర్లో ఆ సీని ఎత్తేశారు. అయినా 30 ఏళ్ళు దాటిన చిన్న విమానం మీద పాత పద్ధతిలో ఎన్‌సీ అని, 12 అంగుళాలకి బదులు 2 అంగుళాల ఎత్తున రాసుకోవచ్చని రూలే ఒప్పుకుంటోంది. సర్కారుకున్నపాటి చరిత్ర యావ కూడా ఈయనకి లేకపోయింది.

పాత నంబరు ఇంకొకడి తోక మీదుంటే వేరే మాట. ఖాళీగా ఉన్నా వద్దన్నాడే, అక్కడ మండుతుంది నాకు. ఎవరో కుర్రాడు తొలిసారి ఒంటరిగా ఎగిరి, దిగి, వణికే చేత్తో, ఎగిరిన ప్రతిసారీ నింపే లాగ్‌బుక్‌లో రాసుకున్నది ఆ నంబరే. తాత ఎగిరిన విమానం ఏమైందని ఇవాళ మనవడు వెతికేదీ దాంతోనే. ఫ్యాక్టరీ వేసిన సీరియల్ నంబరుంది కదా అంటారు పండితులు. మనవడి చేతిలో ఉన్నది తాత లాగ్‌బుక్కు, ఫ్యాక్టరీ రికార్డు కాదు! దాన్ని చెరిపేసి నీ ఇంటి పొడి అక్షరాలు ఎక్కించడానికి నువ్వెవడివి? నీకంటే ముందు ఎంతమంది దాని సీట్లో కూర్చున్నారో నీకు తెలుసా?

రెక్కలకి తొడిగిన పాత గుడ్డ ఊడదీసినప్పుడు రెక్క మీద ఆ ఎన్‌సీ నంబరు ఇంకా మసగ్గా కనిపించిందట. జాగ్రత్తగా కోసి, అద్దం బిగించి, హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. ఫ్రేముకి 10 డాలర్లకంటే చాలా ఎక్కువే అయిందట.