మాస్కో నుంచి వెనక్కి పంపేసినవాళ్ల కథ ఎవరు రాస్తారు?

మెన్నోనైట్లంటే తరాలుగా రష్యాలో ఉన్న, జర్మన్ మాట్లాడే ఒక క్రైస్తవ శాఖవాళ్లు. ఆ కుటుంబాల మీద వచ్చే క్రైస్తవ చారిత్రక నవలలంటే నాకు ప్రాణం. ఇంగ్లీషులో ఏది దొరికినా వదలను. కానీ వాటి ముగింపుల మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది.

నేను చదివినవాటిలో చాలావరకు ఒకటే దారి. రష్యాలో విప్లవం, ఇల్లు లూటీ, తండ్రి హత్య, టైఫస్ జ్వరం, కరువు. తల్లి మోకాళ్ల మీద ఉంటుంది. చివరికి రైలు లాట్వియా సరిహద్దులో, సోవియట్ దేశం దాటించే ఎర్ర గేటు దాటుతుంది, బోగీల్లో స్తుతి పాటలు మొదలవుతాయి, ఆఖరి అధ్యాయంలో కెనడా గోధుమ చేలు. ఇదంతా కల్పన అనడం లేదు. 1923 నుంచి 1930 లోపు దాదాపు 20,000 మంది కెనడా చేరారు. గేటు దగ్గర పాటలు పాడిన మాటా నిజమే.

మరి 1929 సంగతేంటి? స్టాలిన్ ప్రభుత్వం భూములు లాక్కుంటుంటే వేలమంది ఉన్నదంతా తెగనమ్ముకుని మాస్కో శివార్లకు వచ్చిపడ్డారు. అద్దె గదుల్లో కిక్కిరిసి, దేశం దాటే అనుమతి కోసం ఎదురుచూశారు. కొన్ని వేలమందిని జర్మనీకి వెళ్లనిచ్చారు. మిగతా వేలమందిని సరుకు బండ్లలో కుక్కి వెనక్కి పంపేశారు. బయటపడ్డవాళ్లు చేసిన ప్రార్థనే వీళ్లూ చేశారు కదా. గేటు దాటడమే దేవుడి జవాబని నవల ముగిస్తే, దాటలేనివాళ్లకు ఆయన ఏం చెప్పినట్టు? వాళ్ల విశ్వాసం తక్కువైందనా? నేను చచ్చినా ఒప్పుకోను.

పోనీ, బయటపడ్డవాళ్లకైనా అంతా సాఫీగా జరిగిందా అంటే అదీ లేదు. డాక్టర్లు కనురెప్పలు తిరగేసి చూసేవాళ్లు. ట్రకోమా అనే అంటు కంటిజబ్బు కనిపిస్తే అక్కడే ఆపేసేవాళ్లు. అలా ఆగిపోయినవాళ్లు జర్మనీలోనో ఇంగ్లండులోనో వైద్యం చేయించుకుంటూ ఉండిపోతే, మిగతా కుటుంబం ఓడెక్కేసింది. వాళ్ల సంచుల్లో జ్వీబాక్ ఉండేది. పెద్ద బన్ను మీద చిన్న బన్ను పెట్టి కాల్చి, దారిలో బూజు పట్టకుండా మళ్లీ పొయ్యిలో ఎండబెట్టిన రొట్టె అది. ఆగిపోయిన పిల్లాడికి ఆ సంచిలోంచి ఎన్ని తీసివ్వాలో లెక్క చూసుకునే తల్లి గురించి ఒక అధ్యాయం రాయండి, చాలు. అన్నట్టు, కెనేడియన్ పసిఫిక్ రైల్వే అప్పు మీదే వీళ్లను తీసుకొచ్చింది. ఆ ప్రయాణపు అప్పు పూర్తిగా తీరేసరికి 1946 అయింది.

తుపాకీ విషయంలోనూ ఇంతే. ఆయుధం పట్టకూడదన్నది వాళ్లు తరతరాలుగా పాటించిన నియమం. 1918లో లిక్టెనావ్ అనే తమ గ్రామంలో జరిగిన సభలో పెద్దలంతా కూర్చుని తర్జనభర్జన పడి, చివరికి ఎవరి మనస్సాక్షికి వాళ్లను వదిలేశారు. కుర్రాళ్లు ఆత్మరక్షణ దళాల్లో చేరారు. నేను చదివిన నవలల్లో అలా చేరేది ఎప్పుడూ పక్కింటి అబ్బాయే. హీరో చేతికి తుపాకీ ఇచ్చి, ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో కూర్చోబెట్టే ధైర్యం రచయితలకు ఎందుకు రాదు?

ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోకండి. 1889లో మిషనరీలుగా అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు మన దగ్గరికి వచ్చింది అప్పటి రష్యాలోని మొలోచ్నా మెన్నోనైట్ గ్రామాల నుంచే. నల్గొండలో పని మొదలుపెట్టారు. దానికి అక్కడి సంఘాలు కానుకలు పంపేవి. పదేళ్లకు అమెరికా నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు వచ్చారు, పాలమూరు జిల్లాలో ఆ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. నల్గొండ కోసం కానుక వేసిన ఇళ్ల పిల్లలు, మనవలు కొందరైనా 1929లో ఆ వెనక్కి వెళ్లిన బండ్లలో ఉండి ఉంటారని నా నమ్మకం.

తెలుగులో రాయగలిగినవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. ఎవరైనా అలా వెనక్కి వెళ్లిన ఒక కుటుంబంతో మొదలుపెట్టండి. దయచేసి ఆఖరి అధ్యాయంలో వాళ్లను కెనడా చేర్చకండి.